మసి అంటని దీపపు గూళ్లు

ప్రభవ నామ సంవత్సరం, మాఘ శుద్ధ పంచమి, మంగళవారం. మంచు దట్టంగా కురుస్తోంది. అప్పట్లో మంచు కూడా చిక్కగానే ఉండేది లెండి. వీధి దీపాల అధికారి వారసులు లేకుండా పోయాడు. నిరుటికంటే ఎవరి సేవ మెరుగైతే వారికే ఆయన పదవి, మాన్యం. ఓడినవారికి ఉన్న పనీ పోతుందన్నాడు రాజు.

తూర్పు వీధి దీపాలు వెలిగించే కోటమ్మ రాజు ముందుకు వచ్చింది. ఆమె గూళ్ల నిండా మసే.

“నావి నిరుడు నల్లగా ఉండేవి, ఇప్పుడు మల్లెపూలు” అన్నాడు పడమటి వీధి దీపాల గుత్తదారు వీరభద్రయ్య.

“సున్నం ఎప్పుడు కొట్టించారయ్యా?” అంది కోటమ్మ.

“ఉగాదికి. ఆనాటినుంచి చిటికెడు మసి అంటితే ఒట్టు.”

“అయితే ప్రభూ, పది నెలలుగా అక్కడ దీపమే వెలగలేదు. మసి పట్టకుండా వెలిగించడం నాకింకా చేతకాలేదు.”

రాజు నవ్వాడు. పదవి, మాన్యం కోటమ్మకు దక్కాయి. పడమటి వీధికి వెలుతురు దక్కింది. వీరభద్రయ్యకు ఏమీ దక్కలేదు.