కొలిమిశాలకు ఊకమట్టి

ఒక సంస్థానంలో కంచు పోతపోసే శాల ఉండేది. దివాను దర్జా కోసం దాని కప్పుకి రాగిరేకులు వేయించాడు. కింద కొలిమి, పైన ఎండ. ఆ వేడికి, అక్కడే పనిచేసే పేరమ్మ వాళ్లన్న ఓబన్న కొలిమి దగ్గర కుప్పకూలి మళ్లీ లేవలేదు. అతని చోట ఆమె మొగుణ్ణి నిలబెట్టారు.

పేరమ్మ దివాను దగ్గరికి పోయింది. "కప్పు కింద ఊకమట్టి మందంగా మెత్తిస్తే వేడి దిగదు దొరా. మీ ధాన్యపు కొట్టుకి మెత్తించారు గదా."

"గింజలు పాడైపోతాయే పిచ్చిదానా! మనుషులంటావా, ఉండగా ఉండగా అలవాటు పడతారు."

సరేనని వచ్చేసింది. కంచు పోసే ముందు మైనంతో బొమ్మ చేయడం ఆమె పని. తన కంచు విగ్రహం కోసం దివాను పురమాయించిన మైనపు బొమ్మ చేసి, ఎప్పటిలా చల్లటి నేలమాళిగలో దాచకుండా, కొలిమి దగ్గర మొగుడి పక్కనే నిలబెట్టింది.

చూడ్డానికొచ్చిన దివాను కెవ్వుమన్నాడు. "నా ముక్కేదే?"

"గడ్డం మీదికి జారింది దొరా. ఉండగా ఉండగా అలవాటు పడుతుందనుకున్నా."

సాయంత్రానికల్లా బండ్లలో ఊక దిగింది. కప్పంతా మెత్తారు.

"గెలిచావే పేరమ్మా!" అని ఎగిరారు తోటివాళ్లు.

"నేనెక్కడ గెలిచాను?" అందామె మైనం పిసుకుతూ. "మా అన్న ప్రాణం పోతే రాని ఊక, ఆయన ముక్కు జారితే వచ్చింది."