సొరబుర్రలో కీచురాయి

చాలా దూరాన చీనా దేశాన్ని ఒకప్పుడు ఒక రాజు ఏలేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు గ్వాంగ్, నడిమివాడు షెన్, చిన్నవాడు లీహాన్.

లీహాన్‌కి పక్క రాజ్యపు రాకుమారి యూలాన్‌తో పెళ్ళి కుదిరింది. వీధివీధికీ ఎర్ర లాంతర్లు కట్టారు. ఇంతలో, మొదటి మంచు కురిసే వేళ, గూఫెంగ్ అనే మాంత్రికుడు సుడిగాలిలా వచ్చి పెళ్ళికూతుర్ని ఎత్తుకుపోయాడు. ప్రతి చలికాలమూ వాడు ఒక ఆడపిల్లని అలా ఎత్తుకుపోతాడు. వసంతం వచ్చేసరికి ఆ పిల్ల ఒంట్లో వెచ్చదనమంతా అయిపోయి రాతిబొమ్మ అవుతుంది.

"తమ్ముడి పెళ్ళికూతుర్ని నేను తెస్తాను" అని పెద్దవాడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. "నేను తెస్తాను" అని నడిమివాడు వెళ్ళాడు. వాడూ రాలేదు. "ఇక నేను వెళ్తానమ్మా" అన్నాడు లీహాన్.

రాణి కంచం పెట్టింది. "అన్నం తిని వెళ్ళు" అంది.

కడుపునిండా తిన్నాడు. ఖాళీ కడుపుతో ఎవరూ ప్రయాణం చెయ్యకూడదు మరి.

దారిలో జోరున వాన. ఒక మల్బరీ తోటలో కొమ్మ విరిగి పట్టుపురుగులు బురదలో పడి ఉన్నాయి. లీహాన్ వాటిని ఒక్కొక్కటే ఏరి, ఆకుల చాటున పెట్టాడు.

"మీ అన్నలు కూడా ఇటే వెళ్ళారు" అంది ముసలి పట్టుపురుగు. "పాపం, మమ్మల్ని తొక్కలేదు. చూడనూ లేదు." అది ఒక దారం వడికి ఇచ్చింది. "దీన్ని పడవకి కట్టు, తూనీగలు లాగుతాయి. ఇంకో మాట. వాడి ప్రాణం ఎక్కడుందో తెలియాలంటే, దేన్ని చూసి మురుస్తాడో చూడకు. దేనికి చలేస్తుందోనని కంగారుపడతాడో చూడు."

సముద్రపు ఒడ్డున లీహాన్ ఒక పడవకి ఆ దారం కట్టాడు, తూనీగలు దాన్ని లాగాయి. ఏడు సముద్రాలు దాటాక మాంత్రికుడి కోట వచ్చింది. గుమ్మంలోనే అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు.

"రా అల్లుడూ" అన్నాడు గూఫెంగ్ వెటకారంగా. "నా ప్రాణం ఎక్కడుందో పట్టుకుంటే పిల్ల నీది. తప్పితే నువ్వూ వీళ్ళ పక్కనే. మీ పెద్దన్న చిలక మెడ పట్టుకున్నాడు. మాంత్రికులు చిలకలు తప్ప ఇంకేమీ పెంచుకోరా, నాయనా? నడిమివాడు కాస్త నయం. మీరు చచ్చినవాళ్ళ నాలుక మీద పచ్చరాతి చిమ్మెటని పెడతారుగా, మట్టిలోంచి లేచే పురుగు కాబట్టి మనిషీ మళ్ళీ లేస్తాడని. నా పెట్టెలో అలాంటిది చూసి ఇదే అన్నాడు. అదీ కాదు."

మాట్లాడుతూనే వాడు మాటిమాటికీ మేడవైపు కేకేస్తున్నాడు. "అమ్మాయ్, కిటికీ మూశావా? శాలువా కప్పుకున్నావా?"

ఎత్తుకొచ్చిన పిల్ల శాలువా గురించి వీడికెందుకింత బెంగ అనుకున్నాడు లీహాన్. "ఒక్కసారి ఆమెని చూసి వచ్చి చెప్తాను" అని మేడెక్కాడు.

యూలాన్ కుంపటి పక్కన కూర్చుని ఉంది. ఆమె గుండెల దగ్గర, పట్టుకోటు లోపల, ఏదో సన్నగా పాడుతోంది. తీసి చూపించింది. అది చిన్న సొరబుర్ర, అందులో ఒక కీచురాయి. చలికాలంలో కీచురాయిని అలా రొమ్ము దగ్గర దాచుకోవడం వాళ్ళ దేశపు అలవాటు. మనిషి వెచ్చదనానికి అది ఇంకొన్నాళ్ళు పాడుతుంది.

"వాడే ఇచ్చాడు. ఈ కోటలో నాకు తోడు ఇదొక్కటే" అంది.

వాడి ప్రాణం ఈ కీచురాయిలోనే ఉందని లీహాన్‌కి అర్థమైంది. దాన్ని నలిపెయ్యబోయి చెయ్యెత్తాడు. యూలాన్ ఆ సొరబుర్రని అరచేతులతో మూసింది.

"ఇంట్లో పాడే కీచురాయి శుభం. దాన్ని చంపరు."

"చంపకపోతే నువ్వు రాయైపోతావు."

"తెలుసు. అయినా ముందు దాన్ని అడుగు."

కీచురాయి పాట ఆపింది. "నేను శరత్కాలపు పురుగుని" అంది. "ఒక్క శరత్తు పాడి పడుకోవాలి. వాడికి చావంటే భయం, అందుకని ఎందరో ఆడపిల్లల వెచ్చదనం నాకు తాగించాడు. అలిసిపోయానమ్మా. నన్ను గడ్డిలో వదిలిపెట్టు."

మెట్ల మీద అడుగుల చప్పుడు. యూలాన్ ఆగలేదు. కిటికీ తెరిచి, సొరబుర్ర మూత తీసి, మంచు పట్టిన గడ్డి మీదికి కీచురాయిని వదిలింది. అది ఒక్కసారి గొంతెత్తి పాడింది. తర్వాత రెక్కలు ముడుచుకుంది.

"కిటికీ..." అంటూ గూఫెంగ్ మెట్టు మీదే కూలబడ్డాడు. "చలి వేస్తోంది."

వాడి మొహం ముసలి పిల్లాడి మొహంలా ఉంది. యూలాన్ తన శాలువా తీసి వాడికి కప్పింది. కాసేపటికి దాని కింద ఒక ఎండుటాకు మాత్రం మిగిలింది.

కింద రాళ్ళు కదిలాయి. అన్నలు ఒళ్ళు విరుచుకున్నారు. ఏ కాలంలోనో రాళ్ళైన ఆడపిల్లలు ఒకరినొకరు పేర్లడుగుతూ ఇళ్ళకి బయలుదేరారు.

పెళ్ళి ఘనంగా జరిగింది. అన్నలిద్దరూ మనసారా ఒప్పుకోవడంతో లీహాన్ రాజయ్యాడు, ఎన్నో ఏళ్ళు చక్కగా ఏలాడు. జుట్టు నెరిశాక, ఎవరూ అడగకముందే, ఒక పొద్దున కిరీటం తీసి కూతురి తల మీద పెట్టాడు.

"నాన్నా, అప్పుడేనా?" అంది కూతురు.

"ఇప్పుడేనమ్మా" అని, యూలాన్ చెయ్యి పట్టుకుని ఎండలోకి నడిచాడు.