చచ్చి లేచే పద్యం

"చావడం నేర్పండి మాస్టారూ" అన్నాడు కోటిలింగం.

అడిగింది మా తెలుగు మాస్టారు పరబ్రహ్మం గారిని. మా హైస్కూలు నాటక సంఘానికి కర్త, కర్మ, క్రియ అన్నీ ఆయనే. కోటిలింగం హీరో. హార్మోనియం నాది. నేను శ్రుతి పెడితే స్టేషన్లో బయల్దేరబోయే మెయిలు కూడా కూత మానేసి నిలబడేదని ఊళ్లో అనేవారు. అన్నవాళ్లలో నేనూ ఉన్నాననుకోండి.

కోటిలింగానికి వచ్చిన కష్టం ఇది. మాస్టారు రాసిన నాటకంలో కోట గుమ్మం దగ్గర బల్లెం దిగి పడిపోయిన యువరాజు, తల్లిని తలుచుకుని పద్యం పాడి ప్రాణం వదులుతాడు. చివర "సెలవు తల్లీ" అని రాగం తియ్యాలి. మావాడు ఆ రాగం అందుకున్నాడంటే, ముందు వరసలో వాళ్లు చుట్ట వెలిగించి, తాగి, నలిపి పారేసినా అది ఇంకా నడుస్తూనే ఉండేది. జనం వన్స్ మోర్ అని అరిచేవారు. చచ్చిన యువరాజు లేచి, దుమ్ము దులుపుకుని, దణ్ణం పెట్టి, మళ్లీ పాడి మళ్లీ చచ్చేవాడు. పద్యనాటకాల్లో అది మర్యాద. జనం అడిగితే శవమైనా లేవాల్సిందే.

కిందటేడు జిల్లా స్కూళ్ల పోటీల్లో వాడు మూడుసార్లు లేచాడు. కప్పు మాత్రం ఇంకో స్కూలుకు పోయింది. "కుర్రాడు పాడాడు గానీ చావలేదు" అన్నాడట జడ్జి. ఈ ఏడూ కప్పు రాకపోతే నాటకాల గది స్కౌట్లకిచ్చేస్తానని హెడ్మాస్టరు గారు తేల్చి చెప్పారు. ఆ గదిలోనే మా కిరీటాలు, అట్టకత్తులు, నా హార్మోనియం. వాటికి ఇంకో చోటు లేదు. గది పోతే సంఘం పోయినట్టే.

అందుకని కోటిలింగం రోజూ మాస్టారి వెంట పడేవాడు. గుడ్లు తేలెయ్యాలా, కాళ్లు కొట్టుకోవాలా, నోట్లోంచి నురగ రప్పించాలా అని. మాస్టారు "ఆ తలుపు దగ్గరికి వెయ్యి, ఎండ పడుతోంది" అనేవారు. అదే జవాబు.

పోటీలు వారంలో ఉన్నాయనగా పోతురాజు పోయాడు.

పోతురాజు మా కబడ్డీ జట్టు కెప్టెను. కోటిలింగం క్లాసువాడే. ఆటలో చచ్చి గీత బయట కూచున్న తనవాళ్లందర్నీ ఒక్క కూతతో లేపుకొచ్చేవాడు. వాడు కూతకి వెళ్లేటప్పుడు నేను గట్టుమీద హార్మోనియం వాయించేవాణ్ని. ఆ గెలుపుల్లో సగం నావేనని నేను అంటే వాడు నవ్వి ఊరుకునేవాడు. ఏదో ఆటలో మోకాలు చీరుకుపోతే ఇంత మట్టి అద్దుకుని ఆట పూర్తి చేశాడు. అది ధనుర్వాతమైంది.

స్కూలుకు సెలవిచ్చారు. కోటిలింగం రిహార్సలు వేసుకుందామన్నాడు. ఏడుపుల దగ్గరికి వెళ్తే గొంతు పట్టేస్తుందనీ, పోటీ అయ్యాక వెళ్లి పలకరిద్దామనీ నసిగాడు. మాస్టారు చెప్పులు వేసుకుని, వాడి చెయ్యి పట్టుకుని బయల్దేరారు. నన్ను రమ్మనలేదు. నేను లేకుండా మా ఊళ్లో ఏదీ జరగదు కనక నేనూ వెళ్లాను.

పోతురాజును వాళ్ల వాకిట్లో నులకమంచం మీద పడుకోబెట్టారు. జట్టువాళ్లంతా గోడ పక్కన వరసగా కూచున్నారు, ఆటలో అవుటై కూచున్నట్టే. తల్లి నాంచారమ్మ కొడుకు చీలమండ పట్టుకుని ఉంది. రెండు చేతులతో, కబడ్డీలో పట్టు పట్టినట్టు. ఆవిడ ఏడవడం లేదు. అడుగుతోంది.

"లేరా నాయనా. ఒక్కసారి లే. మళ్లీ అడగను. ఒక్కసారి."

ఆగేది. కొడుకు మొహంలోకి చూసేది. వినబడలేదేమో అన్నట్టు ఇంకాస్త గొంతు పెంచి మళ్లీ అడిగేది.

మాస్టారు కోటిలింగం చెవి దగ్గరికి వంగారు.

"వన్స్ మోర్ అంటోంది" అన్నారు.

తిరుగుదారిలో నేను నోరు మూసుకుని అంత దూరం నడిచింది ఈ జన్మకు అదొక్కటే.

పోటీ రోజు వచ్చింది. లక్షమంది జనం అంటే మీరు నమ్మరు కాబట్టి హాలు నిండిందని మాత్రం చెబుతాను. ఆఖరి రంగంలో బల్లెం దిగింది. కోటిలింగం పద్యం ఎత్తుకున్నాడు. "సెలవు తల్లీ" దగ్గర వాడి రాగానికి దారి వేసి పెట్టాను. వాడు రాగం తియ్యలేదు. ఆ రెండు మాటలూ మామూలుగా అన్నాడు. తల పక్కకు వాలిపోయింది.

వన్స్ మోర్ అని హాలు దద్దరిల్లింది. నా వేళ్లు వాటంతటవే మళ్లీ శ్రుతి అందుకున్నాయి. పక్కనుంచి మాస్టారు వచ్చి హార్మోనియం తిత్తి మీద అరచెయ్యి పెట్టి నొక్కిపట్టారు. దాని ఊపిరి ఆగిపోయింది.

కోటిలింగం లేవలేదు. మళ్లీ అరిచారు. బెంచీలు చరిచారు. నిద్రపట్టిందా అబ్బాయ్ అని వెనకనుంచి ఎవడో గేలి చేశాడు. మావాడు కదల్లేదు. అరుపులు పల్చబడ్డాయి. తర్వాత ఆగిపోయాయి.

అప్పుడు ఆడవాళ్ల వైపు కోటిలింగం తల్లి లేచి నిలబడింది. కొడుకు వేసిన ప్రతి నాటకం చూసిన మనిషి. పడ్డవాడు లేవకపోవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"కోటీ" అంది. "లేరా."

వాడు లేవలేదు.

"లేరా నాయనా, ఒక్కసారి" అంటూ జనాన్ని తోసుకుని వస్తోంది. మాస్టారు తెర దించేశారు.

కప్పు మాకు రాలేదు. ప్రేక్షకులు కోరినా లేవకపోవడం సభకు అవమానమని ఈ ఏటి జడ్జి అన్నాడు. గది స్కౌట్లకు పోయింది. ఇప్పటికీ అందులో వాళ్ల డోళ్లున్నాయి. అవన్నీ తర్వాతి సంగతులు.

తెర వెనక వాడింకా అలాగే పడి ఉన్నాడు. కళ్లు మూసే ఉన్నాయి. కన్నీళ్లు చెవిలోకి కారి, మొహాన పూసిన రంగు చారలు కట్టింది. అవతల తల్లి గొంతు దగ్గరవుతోంది. మాస్టారు వాడి పక్కన గొంతుక్కూచుని గుండెల మీద చెయ్యి వేశారు.

"లే. వెళ్లి మీ అమ్మకు కనబడు" అన్నారు. "నీకు వీలుంది."