విఠలేశం సారు కల్లు పటం

విఠలేశం సారు బాధ ఒక్కటే. తండ్రి కల్లు తాగీ తాగీ యాభై దాటకుండానే పోయాడు. ఇప్పుడు తమ్ముడు దశరథం కూడా అదే దారి పట్టాడని ఆయన భయం.

బడిలో లెక్కలు చెప్పే మనిషి కదా, ఆ భయాన్ని కూడా లెక్క కట్టాడు. ఏడాదిపాటు ప్రతి ఆదివారం కల్లు దుకాణం ఎదుటి అరుగు మీద కూర్చుని, ఎవరు ఎన్ని సీసాలు కొంటున్నారో రాసుకున్నాడు. దాన్ని ఏడుతో గుణించి వారం లెక్క తేల్చాడు. పెద్ద షీటు మీద ఊరి పటం గీసి ఇంటింటికీ రంగు వేశాడు. తక్కువ తాగే ఇంటికి లేత ఎరుపు, ఎక్కువ తాగే ఇంటికి ముదురు ఎరుపు. పక్కనే పేరు పేరునా నిలువు పట్టీలు.

శనివారం ఆ షీటు పట్టుకుని ఆశ్రమానికి వచ్చాడు. ఆశ్రమం అంటే ఏదో అనుకునేరు, రెండు గదులు, ముందు రేకుల పంచ, అంతే. మా గురువు బాలమణెమ్మను అందరం అమ్మా అనే పిలుస్తాం. సారు షీటు పరిస్తే అందరం వంగి చూశాం. మా ఇంటికి ఏ రంగు వేశాడో అని నేను ముందు అదే వెతుక్కున్నాను.

"సోమారం పంచాయతి గోడకు అంటిస్తనమ్మా" అన్నాడు సారు.

అమ్మ ఒక ఇంటి మీద వేలు పెట్టింది. "గీ నల్లబడ్డ ఇల్లెవలది బిడ్డా?"

"మా తమ్మునిది. దినాం రెండు సీసలు. అందరికంటె పొడుగు పట్టి వానిదే."

"గీ తెల్లది?"

"మాదే. నేను ఆ వాసన గూడ పడనియ్య."

దశరథం బడిపిల్లల ఆటో నడుపుతాడు. ఆ పట్టీ గోడెక్కితే మర్నాడు ఒక్క తల్లి కూడా పిల్లల్ని ఆ ఆటో ఎక్కించదు. ఆ మాటే అన్నాను నేను.

"ఎక్కించొద్దనే! సిగ్గుతోనన్న మానుతడు" అన్నాడు సారు. అంతలోనే మెత్తబడ్డాడు. "వాడు గూడ నాయిన లెక్క పోతే నేను తట్టుకోలేనమ్మా."

పాపం, ఆయన్ని చూస్తే నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం పటాన్ని ఇంకాసేపు చూసింది.

"మంచిగ గీసినవ్. మీ నాయినకు ఎన్నడన్న సాక పోసినవా?"

సాక అంటే మా దిక్కు పోయినవాళ్ళ పేరు చెప్పి నేల మీద కల్లు పోయడం.

"ఆయిన్ని చంపిందే అది! దాన్నే పొయ్యాల్నా?"

"తాగమంటలేను గద. రేపు ఒక్క సీస కొనుక్కపోయి సమాధి కాడ పోసి రా. అటెన్క గోడకు పెట్టుకుంటవో, ఏం చేస్తవో నీ ఇష్టం."

గురువు మాట, కాదనలేడు. ఆదివారం పొద్దున కల్లు దుకాణానికి వెళ్తే అక్కడివాళ్ళంతా నోళ్ళు తెరిచారు. "సారూ, ఇయ్యాల నీ పేరెవలు రాయాలె?" అని ఒకడు అననే అన్నాడు. సారు సీసాను తువ్వాలలో చుట్టుకుని, తల ఎత్తకుండా బయటపడ్డాడు.

తర్వాత జరిగింది ఆయనే నాతో చెప్పాడు. సమాధి దగ్గర దశరథం గొంతుక్కూర్చుని ఉన్నాడట, ముందు రెండు సీసాలు. అన్న చేతిలో తువ్వాల చుట్టిన సీసా చూసి లేవబోయాడట.

"దినాం వస్తవార ఈడికి?"

"దినాం యాడిదన్నా! తెల్లారితే పిల్లల ఆటోనాయె. కల్లు జోలికి పోతనా? ఐతారం ఒక్కనాడే."

"మరి రెండెందుకు?"

దశరథం నేల చూశాడు. "ఒకటి నా పేర, ఒకటి నీ పేర. నువ్వు రావు గద. పెద్దోడేడిరా అని నాయిన అడగడా? అడుగున ఇంత మిగిలితే నేనే తాగుత, అబద్ధమెందుకు."

ఆదివారం లెక్కను తను ఏడుతో గుణించడం సారుకు అప్పుడు గుర్తొచ్చిందట. తర్వాత తువ్వాల విప్పి, "నాయినా" అని పిలిచి సీసా వంచాడు. అలవాటు లేక సగం కల్లు తన చేతుల మీదే పోసుకున్నాడు.

సాయంత్రం భజనకు వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. సోమవారం పటం అంటించే సంగతి అడగబోతే, అంటించనన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పక్కనున్న ఇద్దరు ముక్కు ఎగబీల్చి కొంచెం జరిగారు. సారుకు అర్థమై లేచి నిలబడ్డాడు.

"చేతులు కడుక్కొస్తనమ్మా."

అమ్మ ఆయన్ని ముందుకు పిలిచింది. ఆ రెండు చేతులూ పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఉండనీ బిడ్డా. ఇయ్యాల్టికి ఉండనీ."