చాలనని రాయుడు

ఒకానొక రాజ్యంలో, అది ఏ నదికి ఏ ఒడ్డున ఉండేదో నన్నడగకండి, మార్తాండరాయుడనే మహారాజు ఉండేవాడు. ఆయనకు బిరుదులంటే పిచ్చి. ఉన్న ముప్ఫై బిరుదుల్లోనూ ఆయనకు ప్రాణప్రదమైనది 'చాలనని రాయుడు'. ఎన్ని కోటలు గెలిచినా చాలనని ప్రభువని ఎవరో కవి పొగిడాడు. ఆ పొగడ్త కాస్తా తలకెక్కింది. ఆనాటి నుంచి ఏ విషయంలోనూ ఆయన నోట 'చాలు' అన్నమాట రాలేదు.

భోజనం దగ్గర కూడా రాలేదు. అక్కడే వచ్చింది చిక్కంతా. బంగారు పళ్ళెంలో అరవై నాలుగు రకాలు వడ్డించేవారు. రాజు వద్దనడు, చాలనడు. వడ్డించేవాళ్ళు ఆపరు. చివరికి విసుగెత్తి ఆయనే లేచిపోయేవాడు. కడుపు నిండిందో, దవడలు అలిసిపోయాయో ఆయనకే తెలిసేది కాదు.

ఆయన కొలువులో తిప్పన అని ఒక చమత్కారి ఉండేవాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి బయల్దేరేవాడు. రాజు తన పంక్తిలో భోజనానికి రమ్మంటే, "మన్నించాలి ప్రభూ, మా ఇంట్లో బచ్చలికూర పప్పు నాకోసం ఎదురుచూస్తూ ఉంటుంది" అనేవాడు.

మొదట్లో రాజు నవ్వేవాడు. పోనుపోను ఆ మాట ఆయనకు గొంతులో ముల్లయింది. తన పంక్తిని కాదనిపించేంతటి పప్పు ఏమిటో చూడాలనుకున్నాడు. ఒకరోజు గంట కొట్టగానే వాహ్యాళి వంకతో ఏనుగెక్కి, తిప్పన ఉండే వీధికి పోనిమ్మన్నాడు. ఏనుగు మీద కూర్చున్నవాడికి గోడలు అడ్డమా? పెరడంతా కనిపించింది.

చిక్కుడు పందిరి, బచ్చలి పాదు, దోస తీగ, ఆనపకాయలు. వసారాలో పీట మీద తిప్పన. ఎదురుగా అరటాకు. ఆకులో ఉన్నదేమిటి? పప్పు, చిక్కుడుకాయ కూర, కాస్త దోసకాయ పచ్చడి. అంతే! తిప్పన భార్య కామసాని మళ్ళీ పప్పు గిన్నె పట్టుకొచ్చింది.

"ఇంకొక్క గరిటె వేసుకోండి."

తిప్పన రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాడు. "చాలు, కామసానీ! చాలు!"

అంత హాయిగా ఆ మాట అనడం రాజు తన జన్మలో వినలేదు. అంబారీలో ఆయనకు కడుపు భగ్గుమంది. పప్పు మీద కాదు, చిక్కుడుకాయ మీద కాదు, అచ్చంగా ఆ మాట మీద పుట్టింది అసూయ. 'ఇంత రాజ్యమేలే నాకు లేని మాట, ఈ ముతకపంచె వాడి నోట అంత తియ్యగా వస్తుందా!' అని కుమిలిపోయాడు.

కోటకు వెళ్ళి బచ్చలికూర పప్పు చేయమన్నాడు. వంటవాళ్ళు జీడిపప్పు పోసి, కుంకుమపువ్వు కలిపి, నేతిలో తేల్చి తెచ్చారు. అందులో బచ్చలి ఎక్కడుందో దీపం పెట్టి వెతికినా దొరకలేదు. రాజు కోపం రెట్టింపయింది.

మర్నాడూ ఏనుగు ఆ గోడ పక్కనే ఆగింది. ఆ మర్నాడూ ఆగింది. కాని ఆ మూడోనాడు, రాజు నోరు తెరుచుకుని ఆకు వంక చూస్తుండగా, ఏనుగు తొండం చాచి ఆనపకాయ తెంపుకుని కరకర నమిలేసింది.

కామసాని గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఎవరిదయ్యా ఈ ఏనుగు? లేత కాయ, రేపు కోద్దామని అట్టే పెట్టుకున్నాను!" అని తలెత్తి చూసి నాలుక కరుచుకుంది.

పట్టుబడ్డవాడికి కోపమే దిక్కు. రాజు గర్జించాడు. "తిప్పనా! నా పంక్తి వదులుకుని ఈ ఆకులూ అలములూ తింటావా? రేపు మధ్యాహ్నం మీ ఇంటికే భోజనానికి వస్తాను. నేను విస్తరి ముందునుంచి లేచేలోగా నా చేత 'చాలు' అనిపించు. అనిపించావా, నీ జోలికి రాను. లేదా, ఈ తోట, ఈ ఇల్లు నావి. నీ భార్య మా వంటశాలలో గరిటె తిప్పుతుంది. నువ్వు నా పంక్తిలో కూర్చుని ఆ అరవై నాలుగూ రోజూ తింటావు."

అరవై నాలుగు అనగానే తిప్పన ముఖం పాలిపోయింది. అది చూసి రాజుకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు చెప్పిన వేళకు రాజు వచ్చాడు. వెంట కోట కరణం కూడా వచ్చాడు. తిప్పన ఓడాక స్వాధీనం చేసుకోవాలి కదా! రాజు పీట మీద కూర్చుంటుంటే, కరణం పందిరి రాటలూ, పాదులూ లెక్కపెట్టడం అయ్యాక, తల పైకెత్తి వేలు చూపిస్తూ "వాసం ఒకటి, వాసం రెండు" అని పైకప్పు మొదలుపెట్టాడు.

కామసాని ఆకు వేసింది. పొగలు కక్కే అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర వడ్డించింది. ఇంగువ తిరగమోత వాసన ముక్కుకు తగలగానే రాజుకు నోరూరింది. అయినా పెదవులు బిగించి, పప్పన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆయన ముఖం విప్పారింది. మూడు రోజులుగా వెతుకుతున్నది దొరికింది మరి.

"హా! తిప్పనా! దీనికా ఇంత మిడిసిపాటు? పప్పులో ఉప్పేది?"

"అయ్యయ్యో, మరిచిపోయినట్టుంది!" అని కామసాని కొబ్బరిచిప్పలో ఉప్పు పట్టుకొచ్చింది. ఒక చిటికెడు వేసింది. రాజు కలిపి రుచి చూశాడు. కొంచెం మెరుగు. మరో చిటికెడు వేసింది. ఆ ముద్దతో ఆయన ఉలిక్కిపడ్డాడు. బచ్చలి జిగురు, కందిపప్పు కమ్మదనం, చింతపండు పులుపు, అన్నీ ఒక్కసారిగా నాలుక మీదికొచ్చి నిలబడ్డాయి. ఇదా, ఇన్నాళ్ళూ వీడు ఒక్కడే తింటున్నది! అసూయతో, ఆకలితో గబగబా నాలుగు ముద్దలు మింగాడు.

కామసాని ఇంకో చిటికెడు తీసింది. రాజు తల అడ్డంగా ఊపాడు. ఆమె చూడలేదు. భర్త వైపు తిరిగి, "ఏమండీ, చిక్కుడు తీగకు పేను పట్టింది, కాస్త బూడిద చల్లాలి" అంటోంది. రాజు దగ్గాడు, చెయ్యి ఊపాడు. ఆమె మాటల్లో పడి ఈసారి ఏకంగా పిడికెడు ఉప్పు తీసి, సరిగ్గా ఆకు మీదికి చెయ్యి చాచింది. వేళ్ళు విప్పుకుంటున్నాయి.

"చాలు! చాలమ్మా, చాలు!" అని రాజు రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టేశాడు.

కామసాని పిడికిలి మూసుకుంది. తిప్పన వంగి దండం పెట్టాడు.

రాజు ముఖం కందగడ్డయింది. "ఇది చెల్లదు! నేను చాలన్నది ఉప్పుకు. భోజనానికి కాదు!"

"చెల్లకపోతే పోనివ్వండి ప్రభూ" అన్నాడు తిప్పన వినయంగా. "తమరు వస్తున్నది రుచి చూడడానికి కాదు, వంక పెట్టడానికని నిన్ననే తెలిసింది. అందుకని ఆ వంక ఏదో మేమే వండిపెట్టాం. పందెం సంగతి తమ చిత్తం. కాని తమరు అడిగి మరీ మా ఇంటి ఉప్పు తిన్నారు. ఇక అటు చూడండి."

రాజు అటు చూశాడు. కరణం మెడ పైకెత్తి, వేలు చూపిస్తూ, "వాసం పంతొమ్మిది, వాసం ఇరవై" అంటున్నాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే పెద్దలు ఏదో మాటవరసకు అన్నారనుకున్నాను ప్రభూ" అన్నాడు తిప్పన. "కళ్ళారా చూస్తాననుకోలేదు."

రాజుకు ముందు సిగ్గేసింది. ఆ వెనకే నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు, కుదరలేదు. పొట్ట పట్టుకుని, పొలమారి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "కరణం! ఆ లెక్క ఆపు! ఇంత ఉప్పు తిని ఆ పాపం కూడా నాకెందుకు?"

మెడలోని ముత్యాలహారం తీసి తిప్పన మెడలో వేశాడు. పట్టుచీర తెప్పిస్తానని కామసానికి మాటిచ్చి, "ఇంకేం కావాలమ్మా?" అన్నాడు.

"మా పెరటి గోడ కాస్త ఎత్తు చేయించండి మహారాజా. ఏనుగుకు మా ఆనపకాయలు అందుతున్నాయి."

"చేయిస్తాను. దానికో తలుపు కూడా పెట్టిస్తాను. ఇకనుంచి నడిచే వస్తాను" అని రాజు మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

కామసాని చిక్కుడుకాయ కూర మారు వడ్డించింది. దోసకాయ పచ్చడి వేసింది. మజ్జిగ పోసింది. రాజు ఆకు ఊడ్చినట్టు తిన్నాడు. ఆమె మళ్ళీ పప్పు గిన్నె తీసుకురాబోతే, ఈసారి పందెమూ లేదు, ఉప్పూ లేదు, ఆయన తనంత తానే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు తల్లీ" అన్నాడు చాలనని రాయుడు, "కడుపు నిండింది."