నిప్పులో నెగ్గిన కొవ్వు ముక్క

గుమ్మడికొండ కింద వాగు ఎండిపోయింది. ఎండిపోయిందంటే అలా ఇలా కాదు, కప్పలు కూడా మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయాయి. రోహిణి కార్తె ఎండలు మరి! అడవి మొత్తం మీద తడి అనేది రెండే చోట్ల మిగిలింది. ఒకటి కొండ మీద బండ సందులోంచి ఊరే జాలు. రెండోది ఎలుగుబంటి బంటక్క పుచ్చపాదులు.

కిందటేడు పుచ్చకాయల బండి ఒకటి వాగు దాటుతూ ఒరిగిపోయింది. పగిలిన కాయలు అందరూ తిన్నారు. గింజలు ఏరి దాచి, చలికాలంలో ఇసుకలో పాతింది మాత్రం బంటక్క ఒక్కతే. ఇప్పుడు పాదుల నిండా కుండలంత కాయలు. ముసలి మోకాళ్లతో ఆమె రోజూ కొండెక్కి నీళ్లు తాగలేదు పాపం. వానలు పడేదాకా ఆమెకు తిండీ అవే, నీళ్లూ అవే.

వాటి మీద నక్క జంబన్న కన్ను పడింది. వాడి దగ్గర చిరుతపులి తిని వదిలేసిన అడవిపంది కొవ్వు ముక్క ఒకటి ఉంది. దాన్ని నోట కరుచుకుని తెల్లారగానే వచ్చేశాడు.

"అక్కా, ఎంత చిక్కిపోయావే! చూడలేకపోతున్నాను."

"పొద్దున్నే ఏం కావాలి తమ్ముడూ?"

"నాకేం వద్దు. నీ ఒంటికి బలం కావాలని వచ్చాను. ఈ ముక్క నీకిస్తాను. ఆ నీళ్లకాయల పాదులు నాకిచ్చెయ్."

"అంత బలమున్న ముక్క నువ్వే తినొచ్చుగా?"

"నీ మీద ప్రేమక్కా, ప్రేమ!"

బంటక్క నవ్వి ఊరుకుంది. జంబన్న ఊరుకోలేదు. అడవికి పెద్దయిన అడవిదున్న మావ దగ్గరికి పోయి, మంచి మాట చెబితే అక్క వినడం లేదని మొత్తుకున్నాడు. అడవంతా పోగయింది. తేనె తీసేవాళ్లు వదిలి వెళ్లిన నిప్పులు అక్కడే ఒక బండ పక్కన ఇంకా కణకణలాడుతున్నాయి.

"మావా, తిండిలో బలమంటే ఒంట్లో పుట్టే వేడే కదా! మరి నిప్పే తేల్చాలి" అంటూ జంబన్న కొవ్వులోంచి చిటికెడు కొరికి నిప్పుల మీద ఉమ్మాడు. భగ్గున మంట లేచింది. కోతులు "అబ్బో!" అని రెండడుగులు వెనక్కి గెంతాయి. తర్వాత బంటక్క పాదుల్లోంచి తెప్పించిన పుచ్చముక్క వేశాడు. సుయ్యిమని పొగొచ్చి ఉన్న నిప్పు కాస్తా ఆరిపోయింది.

"చూశారా! దీన్ని తింటే కడుపులో ఉన్న వేడి కూడా చల్లారిపోతుంది. ఇదీ ఒక తిండేనా?"

అందరూ తలలూపారు. దున్న మావ కూడా గొంతు సవరించుకుని, "కళ్లారా చూశాం కదమ్మా. తమ్ముడు నీ మంచికే చెబుతున్నాడేమో" అన్నాడు.

బంటక్కకు ఒళ్లు మండింది. ఇన్ని నెలలూ కంటికి రెప్పలా కాచుకున్న పాదులు! అయినా గొంతు పెంచలేదు. "మావా, రేపేగా మనమంతా జాలుకు వెళ్లేది?" అంది.

ఏటా వాగెండిపోయాక జంతువులన్నీ ఒక రోజు కలిసి కొండెక్కి జాలు నీళ్లు తాగి రావడం ఆ అడవి ఆచారం. ఆ దారిలో ఎవరూ ఎవరినీ వేటాడకూడదు.

"ఎవరి తిండి వాళ్లం తింటూ నడుద్దాం. తమ్ముడు నా పండు అడక్కుండా పైకి చేరాడా, పాదులన్నీ వాడివే. అడిగాడో, ఇక నా పాదుల వైపు తొంగి చూడకూడదు."

"ఓస్, అంతేనా!" అన్నాడు జంబన్న. నిప్పులో నెగ్గిన ముక్క దారిలో ఓడిపోతుందా అని వాడి ధీమా.

మర్నాడు బయలుదేరారు. బంటక్క ఒక కాయను చంకన పెట్టుకుని కుంటుకుంటూ నడిచింది. జంబన్న నాలుగడుగులకోసారి కొవ్వు కొరుక్కుంటూ ముందు ముందు గెంతాడు.

"తిను తమ్ముడూ, ఇంకాస్త తిను. బలం చాలకపోతే కష్టం" అని వెనకనుంచి బంటక్క కేకేసింది.

వాడు ఇంకాస్త తిన్నాడు.

సగం కొండ ఎక్కేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. బండలు కాలిపోతున్నాయి. జంబన్న నడక మందగించింది. నోరంతా జిడ్డు, గొంతులో మంట, నాలుక పిడచగట్టుకుపోయింది. చివరికి ఒక తుప్ప కింద చతికిలబడ్డాడు. బంటక్క నింపాదిగా వచ్చి వాడి పక్కనే కూలబడింది. కాయను రాతికేసి ఫట్టున కొట్టింది. ఎర్రటి రసం రాతి మీద కారింది.

జంబన్న కళ్లు మూసుకున్నాడు. చెవులెలా మూసుకుంటాడు? జుర్రుమని ఒక చప్పుడు. మళ్లీ జుర్రు.

"అక్కా..."

"ఏం తమ్ముడూ? ఆ కొవ్వు ముక్క ఇంకా సగముందిగా. తిను."

"దాని పేరెత్తకే తల్లీ! ఒక్క ముక్క పెట్టు. పచ్చభాగమైనా ఫరవాలేదు."

కోతులు కొమ్మల మీద దొర్లి దొర్లి నవ్వాయి. బంటక్క మాత్రం సగం చెక్క వాడి ముందుకు తోసింది. జంబన్న మూతి చెవులదాకా అందులో ముంచేశాడు. లేచేటప్పటికి మీసాలకు నాలుగు గింజలు అంటుకుని ఉన్నాయి.

దున్న మావ వచ్చి అడిగాడు. "ఏరా జంబన్నా, నిన్న నిప్పేమో కొవ్వే గొప్పదని తేల్చిందే?"

"తేల్చింది మావా. నిప్పుకి కొవ్వే గొప్ప. దాహం నిప్పుకి కాదు, నాకేసింది."

"ఆ ముక్కను చిన్నచూపు చూడకురా" అంది బంటక్క లేస్తూ. "పుష్యమాసం చలిలో దానంత గొప్ప తిండి ఉండదు. అప్పుడు తీసుకురా, పుచ్చకాయ కావాలని నేనడగనులే."

మిగిలిన కొవ్వు ముక్కను నోట కరుచుకుని, మీసాల గింజలు దులుపుకుంటూ, జంబన్న అందరికన్నా వెనక కొండెక్కాడు. పాదుల మాట మళ్లీ ఎత్తలేదు.

నీతి: ఏ తిండి గొప్పదో నిప్పుని కాదు, ఆ పూట తినేవాడి ఒంటిని అడగాలి.