గవరమ్మ చెక్కిన ఓడలు

అనగా అనగా, పొగ ఓడలు ఇంకా పుట్టని కాలంలో, గాలి ఎటు తోలితే మనిషి బతుకు అటు నడిచిన రోజుల్లో, ఏరూ సముద్రమూ కలిసేచోట మడరేవు అనే ఊరుండేది. ఒక పక్క మడ అడవి, ఒక పక్క ఇసక, నడుమ ఓడలు కట్టే మైదానం. కొండల నుంచి టేకు మానులు తెప్పలుగా ఏటి మీద దిగివచ్చేవి. మడరేవు వడ్రంగులు వాటిని కోసి, వంచి, తెరచాప ఓడలు కట్టేవాళ్ళు. ఆ ఓడలు ధాన్యం ఎత్తుకుని తూర్పు దేశం పోయేవి. కొన్ని తిరిగొచ్చేవి. కొన్ని వచ్చేవి కావు.

ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒక మనిషి. ఓడ వడ్రంగి మారయ్య కూతురు. తల్లి లేని పిల్ల, తండ్రి వెంటే మైదానంలో పెరిగింది. పలకల సందుల్లో కూరడానికి గుగ్గిలం కాచేది. ఉలి అడిగితే ఉలి, బాడిస అడిగితే బాడిస అందించేది. ఆడపిల్ల ఓడ మీద పనిముట్టు పెట్టకూడదని ఊరి కట్టుబాటు. అందుకని రాలిన చెక్కపేళ్ళు ఏరుకుని, ఏ మూలో కూర్చుని, తండ్రి కట్టే ఓడలకి పిల్ల ఓడలు చెక్కుకునేది.

మారయ్య కట్టిన ఆఖరి ఓడ పద్మావతి. మూడు తెరచాప కొయ్యల ఓడ. దాన్ని నడిపే సరంగుకే కూతుర్నిచ్చి పెళ్ళి చేసి, ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు మారయ్య. మరుసటేడు పద్మావతి తూర్పు దేశం బయల్దేరింది. గవరమ్మ రేవులో నిలబడి, తెరచాప గోరంత అయ్యేదాకా చూసి ఇంటికొచ్చింది.

ఓడ వెళ్ళింది. ఏడు తిరిగింది. ఓడ రాలేదు.

గవరమ్మ రోజూ పొద్దుగూకే వేళకి మరో మనిషికి సరిపడా వండి, ఆ అన్నం బుట్ట కింద మూసిపెట్టేది. తెల్లారాక ఆ చద్దన్నం తనే తినేది.

ఒక కార్తీకంలో తుపాను వచ్చింది. గంగాభవాని అనే ఓడ ఆ తుపానులో పోయింది. ఒక్క మనిషీ ఒడ్డుకి రాలేదు, ఒక్క శవమూ కొట్టుకురాలేదు. పొరుగింటి అచ్చియ్యమ్మ మొగుడు ఆ ఓడలో కళాసి. అచ్చియ్యమ్మ ఏడవలేదు. తినలేదు. గుమ్మంలో కూర్చుని ఉండిపోయింది.

గవరమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది. "ఏడువు వదినా. ఏడిస్తే గుండె బరువు దిగుతుంది," అంది.

"ఎటు తిరిగి ఏడవనే? కాల్చిన చోటు లేదు, పూడ్చిన చోటు లేదు. సముద్రం వైపు తిరిగితే అంతా నీళ్ళే. అందులో ఎటని చూడను?" అంది అచ్చియ్యమ్మ.

గవరమ్మ ఇంటికొచ్చి తండ్రి పనిముట్ల పెట్టె తెరిచింది. టేకు ముక్క తీసి ఒళ్ళో పెట్టుకుంది. పొద్దున్నే కూర్చుంటే పొద్దువాలేదాకా చెక్కింది, అట్లా చాలా రోజులు చెక్కింది. రెండు కొయ్యలు, చుక్కాని, లంగరు, పాత చీర చింపి కుట్టిన తెరచాపలు. మూరెడు పొడుగు గంగాభవాని. దాన్ని వసారాలో బల్ల మీద పెట్టి అచ్చియ్యమ్మని పిలిచింది. పోయినవాళ్ళ ఇళ్ళ నుంచి అందరూ వచ్చారు. అప్పుడు గవరమ్మ ఇట్లా అంది:

"ఓడ పేరు చెప్తాను. ఓడ పుట్టుక చెప్తాను. ఓడలో మనిషిని చెప్తాను. ఈ ఓడ పేరు గంగాభవాని. అడుగుదూలం మద్దిమాను, పలకలు టేకు. నీళ్ళలోకి దింపిన రోజు వాన కురిసి ఊరంతా తడిసింది. ఒకసారి సముద్రపు దొంగలు తరిమితే గాలి మళ్ళి బతికి బయటపడింది. దక్షిణాది కరువుకి ధాన్యం మోసింది. ఇదిగో, ఈ ముందు కొయ్య దగ్గర తాళ్ళు పట్టినవాడు అచ్చియ్యమ్మ పెనిమిటి, పోలయ్య."

అచ్చియ్యమ్మ వంగి చూసింది. ముందు కొయ్య మొదట్లో వేలు పెట్టింది. "ఇక్కడా?" అంది.

"అక్కడే వదినా."

ఆ వేలు తియ్యకుండానే అచ్చియ్యమ్మ భోరున ఏడ్చింది. ఆ రాత్రి అన్నం తింది.

ఆపైన ఏ ఓడ పోయినా గవరమ్మ చెక్కేది. నరసింహ అనే ఓడ ఉప్పు మోసుకెళ్ళి మునిగితే నరసింహని చెక్కింది. కొడుకు పోయిన గుడ్డి ముసలాయన ఒకడు వచ్చి, ఆ ఓడని ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి, చుక్కాని దగ్గర చెయ్యి ఆపి, "వీడి చోటు ఇదేగా" అని అక్కడే కూర్చున్నాడు. వసారాలో బల్ల నిండింది. గోడకి పలక కొట్టారు, అదీ నిండింది. ఏటా పెద్దల అమావాస్య నాడు ఊరంతా అక్కడ చేరేది. ప్రతి ఓడ ముందూ ఒక దీపం. ప్రతి ఓడకీ అదే మాట. ఓడ పేరు చెప్తాను. ఓడ పుట్టుక చెప్తాను. ఓడలో మనిషిని చెప్తాను.

అన్ని ఓడలూ ఉన్నాయి. పద్మావతి లేదు.

పద్మావతిలో లోవరాజు అనే కుర్రాడు కళాసిగా వెళ్ళాడు. వాడి తల్లి పాపాయమ్మకి వాడొక్కడే. ఆమె వచ్చి అడిగింది. "గవరమ్మా, పద్మావతిని చెయ్యవే. నా కొడుకు చోటు చూసుకుంటాను."

"దారిలో ఉన్న ఓడకి బొమ్మ చెయ్యకూడదత్తా," అంది గవరమ్మ.

కొన్నేళ్ళు పోయాక పాపాయమ్మ కర్ర పట్టుకుని మళ్ళీ వచ్చింది. "ఇన్నేళ్ళు దారి ఉంటుందా తల్లీ? చెయ్యవే."

"దారిలో ఉన్న ఓడకి బొమ్మ చెయ్యకూడదత్తా."

మూడోసారి పాపాయమ్మ రాలేకపోయింది. మంచంలో ఉండి కబురంపితే గవరమ్మే వెళ్ళింది. ముసలామె ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు నీ మొగుడి మీద ఆశ. నిన్నేమీ అనను. కానీ నాకు పొద్దు లేదే. ఒక్కసారి వాడి చోటు చూపించు."

చెక్కితే మొగుణ్ణి తన చేత్తో ముంచినట్టే అనుకుంది గవరమ్మ. తల అడ్డంగా ఊపింది. పాపాయమ్మ చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వారంలోనే పోయింది.

గవరమ్మ జుట్టు నెరిసింది. ఒక రోజు సాయంత్రం, తూర్పు నుంచి వచ్చిన ఓడలోంచి ఒక ముసలివాడు దిగి, పద్మావతి సరంగు ఇల్లు ఏదని అడుగుతూ వచ్చాడు. ఎర్రన్న అతని పేరు. కృష్ణ ఒడ్డు మనిషి. పద్మావతిలో వంటవాడు.

గవరమ్మ పీట వేసింది. కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఆ తర్వాత అడిగింది. "ఓడ పోయింది ఏ ఏడు?"

"ఆ ఏడేనమ్మా. పోయేటప్పుడే. తూర్పు ఒడ్డు కళ్ళబడింది. ఇంక చేరినట్టే అనుకున్నాం. ఇసకమేట తగిలి ఓడ రెండుగా విరిగింది. నేనొక్కణ్ణే ఒడ్డున పడ్డాను. అక్కడి రాజు మనుషులు వెట్టికి పట్టుకుపోయారు. ఇప్పుడు చేతకానివాణ్ణయ్యానని వదిలేశారు."

"అయితే అక్కడికి చేరనే లేదా?"

"లేదమ్మా."

"లోవరాజు?"

"ముందు కొయ్య విరిగినప్పుడే పోయాడు."

చివరికి తన మొగుడి సంగతి అడిగింది గవరమ్మ. "ఆయన ఏమన్నా చెప్పాడా?"

ఎర్రన్న అబద్ధం చెప్పలేకపోయాడు. "ఏం చెప్పలేదమ్మా. ఆ గాలిలో నోరు తెరిస్తే నీళ్ళే. చుక్కాని మాత్రం వదల్లేదు. అంతే చూశాను."

గవరమ్మ బుట్ట ఎత్తి, అప్పుడే మూసిపెట్టిన అన్నం అతనికి వడ్డించింది. అతను తింటుంటే ఎదురుగా కూర్చుని, తనలో తను అనుకున్నట్టు అంది. "పాపాయమ్మత్త మూడుసార్లు అడిగింది. ఆ మూడుసార్లూ ఓడ మునిగే ఉంది."

మర్నాడు తనే గాజులు తీసి పక్కన పెట్టింది. ఇంటి తలుపు పలక ఊడదీసింది. పద్మావతి కట్టగా మిగిలిన టేకుతో మారయ్య చేసిన తలుపది. వసారాలో కూర్చుని చెక్కడం మొదలుపెట్టింది. కళ్ళు ఆనేవి కావు, చేతులు వణికేవి. ఉలి జారి వేళ్ళు తెగేవి. అయినా ఏ పలక ఎక్కడుందో ఆమెకి చూడక్కర్లేదు. ఆ సందులన్నిట్లో గుగ్గిలం కాచి పోసింది తనే. ఇరుగుపొరుగు వాళ్ళు అన్నం తెచ్చిపెట్టేవాళ్ళు. ఒక్కో రోజు తినేది, ఒక్కో రోజు మరిచిపోయేది.

పెద్దల అమావాస్యకి పద్మావతి తయారైంది. ఊరంతా వచ్చింది. ఎర్రన్న వచ్చాడు. గవరమ్మ దీపం వెలిగించింది.

"ఓడ పేరు చెప్తాను. ఓడ పుట్టుక చెప్తాను. ఓడలో మనిషిని చెప్తాను. ఈ ఓడ పేరు పద్మావతి. మా నాన్న మారయ్య కట్టాడు. ఇది తూర్పు దేశం చేరలేదు. ఈ ముందు కొయ్య దగ్గర లోవరాజు. వాడి తల్లి పాపాయమ్మ ఈ చోటు చూపించమని అడిగింది. నేను చూపించలేదు. ఈరోజు చూపిస్తున్నాను." అట్లా ఒక్కొక్క కళాసినీ చెప్పుకుంటూ చుక్కాని దగ్గరికొచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ఆ కాలంలో ఆడది మొగుడి పేరు నోటితో పలకకూడదు. పలికితే అతని ఆయుష్షు తరుగుతుందనేవాళ్ళు. పెళ్ళినాడు గుమ్మంలో ఆడపడుచులు అడ్డం నిలబడి, పేరు చెప్తేగానీ లోపలికి రానివ్వం అంటారే, అప్పుడొక్కసారే చెప్పాలి. గవరమ్మా అప్పుడొక్కసారే చెప్పింది, సిగ్గుపడుతూ, నవ్వుతూ.

ఊరి పెద్ద మెల్లగా అన్నాడు. "నువ్వాగమ్మా. ఆ పేరు నేను చెప్తాను."

గవరమ్మ తల అడ్డంగా ఊపింది. "వద్దు బాబూ. ఇంక తరగడానికి ఆయుష్షేముంది? నేనే చెప్తాను."

చుక్కాని మీద చెయ్యి వేసింది. "వరహాలు," అంది. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అంది. "వరహాలు. నా పెనిమిటి." మూడోసారి గట్టిగా, అవతలి ఒడ్డున ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది. అప్పుడు అచ్చియ్యమ్మ లేచి గంగాభవాని దగ్గరికి వెళ్ళి, "పోలయ్య," అంది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకామె. ఎన్నేళ్ళుగానో నోట్లోనే ఉండిపోయిన పేర్లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

ఆ చలికాలం గవరమ్మ వెళ్ళిపోయింది. పద్మావతి ముందే చాప పరుచుకుని పడుకుందట, పొద్దున్నే లేవలేదట.

తెరచాప ఓడలు పోయాయి. మైదానంలో తుమ్మ మొలిచింది. ఆ చెక్క ఓడలు మాత్రం మడరేవులో ఇంకా ఉన్నాయంటారు. పురుగు పట్టకుండా ఏటా నూనె రాస్తారు. పెద్దల అమావాస్య నాడు దీపాలు పెట్టి, ఓడ పేరు, ఓడ పుట్టుక, ఓడలో మనుషులు అన్నీ చెప్తారు. పద్మావతి చుక్కాని దగ్గరికొచ్చేసరికి కథ చెప్పేవాడు ఆగుతాడు. ఆ పేరు మగవాళ్ళు చెప్పరు. కూర్చున్న ఆడవాళ్ళందరూ కలిసి చెప్తారు. ఆపైన ఎవరి మనిషిని వాళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటారు. సముద్రంలో పోయినవాడైనా సరే, జ్వరంలో పోయినవాడైనా సరే.

ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ, చావింట ఏడుపు రాక రాయిలా కూర్చున్న మనిషిని చూస్తే, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఒక మాటంటారు: "గవరమ్మలా పేరు పెట్టి పిలువు తల్లీ."